పుచ్చని పండ్లకూ చిగుళ్ల జబ్బు

ఒక్క పన్నూ పుచ్చలేదు, చిగుళ్ల నుంచి రక్తం రావడం లేదు, ఇక నోటికేం భయం అనుకునేవాళ్లు చాలామంది. ఈ రెండు ధీమాల్లో ఏదీ చిగుళ్లకు పూచీ పడదు. పండ్లు పుచ్చకపోవడం వెనక లాలాజలంలోని ఖనిజాలు ఉండొచ్చు, రక్తం రాకపోవడం వెనక బీడీ ఉండొచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఈ రెండో సంగతిని మరింత పట్టించుకోవాలి.

మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో 99 శాతం నీళ్లే. పని అంతా మిగిలిన ఒక్క శాతానిదే. బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది, లైసోజైమ్ వంటి ప్రొటీన్లు సూక్ష్మజీవులను అదుపులో పెడతాయి, కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి ఆమ్లం కొరికిన పంటి పైపొరను మళ్లీ పూడుస్తాయి. అయితే ఆ ఖనిజాలకు పన్నేదో, పంటిమీది పాచి ఏదో తేడా లేదు. తోమకుండా వదిలేసిన పాచిలోకి అవి దిగితే రెండు వారాల్లోపే అది గట్టిపడి గార అవుతుంది, బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్టే. గార ఎక్కడ ఎక్కువ పడుతుందో చూస్తే లాలాజలం పాత్ర తేటపడుతుంది. కింది ముందుపండ్ల లోపలివైపు, పై దవడపండ్లకు బుగ్గవైపు అది మందంగా పేరుకుంటుంది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా ఆ పక్కనే. నాలుక కొనతో కింది ముందుపండ్ల వెనక తడిమితే చాలామందికి ఆ గరుకు తగులుతుంది. గరుకుమీద కొత్త పాచి తేలిగ్గా నిలుస్తుంది, ఆ పాచిలోని సూక్ష్మజీవులు చిగురును వాచేలా చేస్తాయి.

అలాగైతే చిగుళ్ల జబ్బుకు లాలాజలమే కారణమా? అలా తేల్చేయడానికి ఆధారాలు ఒప్పుకోవు. చిగుళ్ల జబ్బుల పరిశోధకుడు హెరాల్డ్ లో (Löe) బృందం శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కార్మికులను 1970 నుంచి పదిహేనేళ్లు గమనించి, 1986లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లకు పండ్లు తోముకునే అలవాటే లేదు, అందరి నోళ్లలోనూ పాచీ గారా దండిగా ఉన్నాయి. అయినా 8 శాతం మందిలో జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతంలో మెల్లగా సాగింది, 11 శాతంలో చిగుళ్ల వాపు దగ్గరే ఆగిపోయింది. ఎముక దాకా నష్టం జరగడం శరీరం ఆ పాచిమీద ఎలా తిరగబడుతుందన్న దానిమీదా ఆధారపడి ఉందన్నమాట. షోగ్రెన్ జబ్బులో లాలాజలం దాదాపు ఎండిపోతుంది. ఆ రోగుల పండ్లు దారుణంగా పుచ్చిపోతాయి గానీ చిగుళ్ల జబ్బు మిగతావాళ్లకంటే ఎక్కువని అధ్యయనాలన్నీ ఒకేమాటగా చెప్పడం లేదు. పైగా జబ్బుపడ్డ చిగుళ్ల సందుల నుంచి కారే ద్రవం లాలాజలంలోనే కలుస్తుంది. కొల్లాజెన్‌ను కరిగించే ఎంఎంపీ-8 అనే ఎంజైమ్ అందులో పెరగడం జబ్బు చురుగ్గా ఉందనడానికి గుర్తు. రోగి లాలాజలంలో తేడా కనబడగానే దాన్నే కారణం అనేయడం తొందరపాటు. ఆ తేడా చాలాసార్లు జబ్బు తెచ్చిపెట్టినదే.

రామగుండం, మందమర్రి వైపు ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో నీళ్లు తాగక పనిచేస్తే నోరెండిపోతుంది, ఆమ్లాన్ని విరిచే శక్తీ తగ్గుతుంది. దాని దెబ్బ మొదట పండ్లమీద పడుతుంది. చిగుళ్లకు అంతకంటే పెద్ద శత్రువు బీడీ. ఆదిలాబాద్ అడవుల్లో వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోస్తారు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఇండ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు. చుట్టే చేతులు వేరు, తాగే నోళ్లు వేరు. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు కాబట్టి బీడీ ఆరిపోకుండా గబగబా దమ్ము లాగాలి, దాంతో నికోటిన్ ఎక్కువగా లోపలికి పోతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, రోగనిరోధక కణాల పని చెడగొడుతుంది. చిగురు అంతగా ఎర్రబడదు, తోమినా రక్తం పెద్దగా రాదు. కింద ఎముక మాత్రం తరుగుతూనే ఉంటుంది. తాత జీవితమంతా బీడీ తాగినా పండ్లు గట్టిగానే ఉన్నాయి కదా అంటారు. నిజమే కావచ్చు, ఆయన శ్రీలంక కార్మికుల్లోని ఆ 11 శాతం లాంటివాడు కావచ్చు. మనం ఏ వాటాలో ఉన్నామో ముందే తేల్చిచెప్పే నమ్మకమైన పరీక్ష ఇప్పటికీ లేదు.

గార తీయిస్తే పండ్లు వదులవుతాయన్న భయం ఊరూరా ఉంది. ఎముక అప్పటికే తరిగిపోయిన చోట గార పండ్లను ఒకదానికొకటి అతికించి పట్టుకుంటుంది, దాన్ని తీయగానే దాగిన సందులూ కదలికా బయటపడతాయి. వదులు చేసింది జబ్బే. వేపపుల్ల మంచిదే, నమిలితే లాలాజలం బాగా ఊరుతుంది. కానీ అది ఎక్కువగా ముందువైపే తిరుగుతుంది, గార ఎక్కువగా పట్టేది కింది ముందుపండ్ల లోపలివైపు, పై దవడపండ్ల బుగ్గవైపు. అక్కడికి బ్రష్షు చేరాలి, కట్టిన గారను వైద్యులే తీయాలి. బీడీ మానేసినవాళ్లకు కొన్ని వారాల్లో చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలు కావచ్చు. బీడీయే నయమనుకుని మళ్లీ మొదలుపెట్టే ప్రమాదం అక్కడే ఉంది. బిగుసుకున్న నాళాలు తెరుచుకుని, ఇన్నాళ్లూ దాగిన వాపు పైకి కనబడుతోందంతే. వైద్యానికి వెళ్లాల్సిన సమయం సరిగ్గా అదే.