మీకు తెలుసా? శంషాబాద్ మంచుకు హిమాయత్‌సాగర్ ఒక్కటే కారణం కాదు

కార్తీకం దాటాక శంషాబాద్ విమానాశ్రయాన్ని పొగమంచు కమ్మితే, దాపులోని హిమాయత్‌సాగర్ వల్లే అనుకుంటాం. అందులో నిజం కొంతే. మబ్బులేని, గాలి కదలని రాత్రి నేల వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. నేలనంటిన గాలిలోని తేమ సన్నని బిందువులవుతుంది. చూపు కిలోమీటరులోపుకు పడిపోతేనే వాతావరణ శాఖ లెక్కలో అది పొగమంచు. నీరు నేలంత త్వరగా చల్లారదు కనుక ఆ చలి చెరువుది కాదు, పొలాలది, రన్‌వే చుట్టూ ఉన్న బయలుది. మరి తెల్లవారుజామున నీటిమీద లేచే పొగ సంగతో? వెచ్చని నీటిపై చల్లగాలి సోకి పుట్టే ఆ మంచు వేరు. సాధారణంగా పలుచన, ఒడ్డు దాటితే చెదిరిపోతుంది. తేమలో చెరువుకు వాటా లేదనలేం. కానీ 1927 నాటి ఆ జలాశయం రోజూ అక్కడే ఉన్నా, మంచు కొన్ని ఉదయాలే కమ్ముతుంది. అందుకే అంచనా వేసేవారు ముందు చూసేది రాత్రి ఆకాశాన్ని, గాలి వేగాన్ని.