బావి దగ్గర కూర్చున్న ముసలమ్మ

గ్రీసు దేశంలో ఏథెన్స్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఎలూసిస్ అనే ఊరు ఉంది. పూర్వం ఆ ఊరి బావి దగ్గర, ఆలివ్ చెట్టు నీడన ఒక ముసలమ్మ దిగులుగా కూర్చుందట. నీళ్లకు వచ్చిన రాజు కూతుళ్లు నలుగురూ ఆమెను చూశారు. "అవ్వా, ఊళ్లోకి రాకుండా ఇక్కడెందుకు కూర్చున్నావు?" అని అడిగారు. ఆమె పని ఇప్పించమంది. పసిబిడ్డను సాకుతాను, ఇల్లు కనిపెట్టుకుని ఉంటాను అంది.

నిజానికి ఆమె పంటల దేవత డెమెటర్. ఆమె కూతురు పెర్సెఫొనెను పాతాళ రాజు హేడిస్ ఎత్తుకుపోయాడు. తండ్రి జ్యూస్ ఆ సంబంధానికి ముందే ఒప్పుకున్నాడు. తల్లిని అడిగినవారే లేరు. తొమ్మిది రోజులు తిండీ నీళ్లూ ముట్టకుండా, చేత కాగడాలు పట్టుకుని వెదికింది ఆ తల్లి. చివరకు దేవతల కొలువు విడిచి, ముసలి రూపం ధరించి మనుషుల మధ్యకు వచ్చింది.

రెండున్నర వేల ఏళ్లకు పైబడిన పాటలోని కథ ఇది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన మానసిక వైద్యురాలు జీన్ షినోడా బోలెన్ ఇలాంటి కథల ఆధారంగా స్త్రీల స్వభావాలను గురించి 1984లో ఒక పుస్తకం రాశారు. 50 ఏళ్లు దాటిన స్త్రీల కోసమే 2001లో మరొకటి రాశారు. అందులో మన కాళికాదేవికీ చోటు ఉంది. ఒక్కొక్క దేవత ఒక్కొక్క స్వభావానికి ప్రతిరూపమని, వయసు మళ్లాక అంతవరకు లోపల అణగి ఉన్న స్వభావాలు పైకి వస్తాయని ఆమె అంటారు.

డెమెటర్ స్వభావం గల తల్లికి బిడ్డలే లోకం. వాళ్లు రెక్కలొచ్చి ఎగిరిపోతే ఆమెకు ఇల్లే కాదు, ఒళ్లూ బరువే. మరి ఆ తల్లిని నిలబెట్టిందేమిటి? కథ చూస్తే తెలుస్తుంది. రాజుగారింట మెత్తని ఆసనం వేసినా ఆమె కూర్చోలేదు, పలకలేదు. ఇయాంబె అనే దాసి పీట వేసి, వేళాకోళాలాడి ఆమెను నవ్వించింది. అప్పుడు గానీ ఆమె బార్లీ పిండి, పుదీనా కలిపిన నీళ్లు తాగలేదు. ఆ తర్వాత ఆ ఇంటి పసివాణ్ణి ఒడిలోకి తీసుకుంది. పెద్ద పెద్ద దేవతలు చేయలేని పనిని ఒక దాసి హాస్యం చేసింది!

ఇంకొకరున్నారు. ఆమె హెకాటే. పెర్సెఫొనె కేక గుహలోంచి విన్నది ఆమె. పదో నాడు కాగడాతో ఎదురొచ్చి, విన్నది విన్నట్టు చెప్పి తల్లి వెంట నడిచింది. వయసు మీరిన వివేకానికి ఈమెనే గుర్తుగా చెబుతారు బోలెన్. అయితే ఆ పాత పాటలో హెకాటే ముసలిది కాదు. ముసలి రూపం చాలా తర్వాతివారు తగిలించినదే.

డెమెటర్ అలిగిన ఏడు వేసిన విత్తనం మొలవలేదు. జ్యూస్ దిగివచ్చాడు. కానీ కూతురు పాతాళంలో దానిమ్మ గింజ తిన్నది. అందుకే ఏటా మూడో వంతు కాలం అక్కడ, మిగతాది తల్లి దగ్గర. కూతురు పూర్తిగా తిరిగి రాలేదు. అయినా పొలాలు పచ్చబడ్డాయి.

పొయ్యి దేవత హెస్టియాది వేరే దారి. పెళ్లాడలేదు, ఎవరితోనూ తగవు లేదు. నైవేద్యంలో మొదటి భాగమూ చివరి భాగమూ ఆమెకే. కొత్తగా పుట్టిన బిడ్డను ఎత్తుకుని ఇంటి పొయ్యి చుట్టూ తిరిగేవారు గ్రీకులు. ఒంటరిగా ఉన్నా నిబ్బరంగా ఉండే పెద్దావిడకు ఈమె పోలిక.

కథలు ఇలా ఉన్నా, నాటి ఏథెన్స్‌లో మర్యాదగల ఇళ్ల ఆడవాళ్లకు గడప దాటడం తేలిక కాదు. బయట కనిపించిన స్త్రీని చూసి "ఎవరి భార్య?" అని కాక "ఎవరి తల్లి?" అని అడిగేంత వయసు ఉండాలన్నాడు హైపెరిడిస్ అనే వక్త. అంటే వయసు మళ్లాకే కాస్త వెసులుబాటు. డెల్ఫీ గుడిలో ప్రశ్నలకు జవాబు చెప్పే పీఠం మీద మొదట పడుచు పిల్ల కూర్చునేదట. ఒకడు ఆమెను చెరపట్టాక, 50 దాటిన స్త్రీనే కూర్చోబెట్టాలని కట్టడి చేశారని డయొడోరస్ అనే చరిత్రకారుడు రాశాడు. కట్టు మాత్రం పడుచు పిల్లదే! ఏథెన్స్‌లో అథీనా దేవి పూజారిణి లైసిమాఖె 64 ఏళ్లు ఆ కొలువులో ఉందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆమె విగ్రహాన్ని డెమెట్రియస్ అనే శిల్పి మలిచాడు.