అలైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పంపాలా?

"ఊళ్ళో మా అమ్మాయి బయోటెక్నాలజీ చదువుతోంది. అలైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కావాలంటోంది, డబ్బులు పంపాలా?" అని ఎపిసోడ్ విన్న ఒక అన్న అడిగారు.

అక్కర్లేదన్నా. జాల్‌వ్యూ, అలీవ్యూ రెండూ ఉచితమే. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఇవి డీఎన్ఏ, ప్రోటీన్ అక్షరాల్ని వరుస కింద వరుసగా రంగుల్లో చూపిస్తాయి. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసునే తీసుకోండి. మామూలుది పైన, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళది కింద పెడితే, 146 అక్షరాల్లో ఆరోది ఒక్కటే తేడా. పైన 'ఈ', కింద 'వి'. అంటే గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ వచ్చింది. రక్తకణం కొడవలిలా వంగిపోవడానికి మూలం ఆ ఒక్క మార్పే!

జాగ్రత్తంతా ఎడిటింగ్‌లోనే. వరుసలు కుదరని చోట మధ్యలో చిన్న గీతలు ఉంటాయి. గీత అంచనా మాత్రమే, కారణం ఉంటే జరపొచ్చు. తప్పు చోట పడితే మాత్రం అక్షరాలు తప్పు జతలో పడతాయి. అక్షరం అలా కాదు, అది ల్యాబ్ ఇచ్చిన సాక్ష్యం. దాన్ని చేత్తో మారిస్తే లేని మార్పు ఉన్నట్టు కనబడుతుంది.

అసలు ఫైలు దాచుకుని, కాపీ మీదే పని చెయ్యమని అమ్మాయికి చెప్పండి. ఆ డబ్బులు ఫీజుకి ఉంచండన్నా.