పాఠం 7: ఉన్నత పాఠశాల స్థాయిలో విదేశీ భాషా బోధన – పిల్లల ఇంటి భాషల తోడ్పాటు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• విదేశీ భాష నేర్పేటప్పుడు పిల్లలకు ముందే తెలిసిన భాషలను ఎలా వాడుకోవాలో వివరించగలుగుతారు.
• తెలుగు, జపనీస్ వాక్య నిర్మాణాలను పోల్చి చూపగలుగుతారు.
• ఆ పోలిక ఎక్కడ పనిచేయదో గుర్తించగలుగుతారు.
• మీ తరగతికి తగిన ఒక సమాచార అంతర కృత్యాన్ని రూపొందించగలుగుతారు.

7.1 పరిచయం

తిరుపతి జిల్లాలో సత్యవేడు, తడ ప్రాంతాల మధ్య ఉన్న శ్రీసిటీ పారిశ్రామిక వాడలో ఇసుజు, కోబెల్కో, డైకిన్ వంటి జపాన్ సంస్థల కర్మాగారాలు నడుస్తున్నాయి. మీరు ఆ చుట్టుపక్కల ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నారనుకోండి. సాయంత్రం బడి వదిలాక వారానికి రెండు రోజులు జపనీస్ నేర్పుతామని ప్రకటించారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు మీ దగ్గరికి వచ్చి, “సార్, నాకు ఇంగ్లీషే సరిగా రాదు. జపనీస్ ఎట్లా వస్తుంది?” అని అడిగాడు. మీరేం చెబుతారు?

ఈ ప్రశ్న వెనక ఒక గట్టి నమ్మకం ఉంది. ఇంగ్లీషు రానివాడికి ఇక ఏ విదేశీ భాషా రాదని పిల్లలే కాదు, తల్లిదండ్రులు, కొన్నిసార్లు ఉపాధ్యాయులు కూడా అనుకొంటారు. ఆ పిల్లవాడికి మీరిచ్చే జవాబు మీదనే వాడు తరగతిలో చేరడమో, వెనుదిరిగి పోవడమో ఆధారపడి ఉంటుంది. ఈ నమ్మకంలో నిజమెంతో జపనీస్ భాషను ఉదాహరణగా తీసుకొని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2020 జాతీయ విద్యా విధానం సెకండరీ స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలుగా కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్ భాషలను పేర్కొంది. పాఠశాల వేళల పట్టికలో వీటికి ప్రత్యేకంగా పీరియడు లేకపోయినా, క్లబ్బు కార్యక్రమంగానో సెలవుల్లో తరగతిగానో నేర్పవచ్చు.

7.2 పిల్లలు తరగతికి తెచ్చే భాషా సంపద

పూర్వపు చిత్తూరు జిల్లా మూడు రాష్ట్రాలు కలిసే చోటు. నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పం, పలమనేరు వైపు తమిళంతోపాటు కన్నడం కూడా వినిపిస్తాయి. చాలా ఊళ్ళలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొకటి మాట్లాడే పిల్లలు మీ తరగతిలో తప్పక ఉంటారు. వీళ్ళెవరూ రెండో భాషను వ్యాకరణ పుస్తకం చూసి నేర్చుకోలేదు. కాబట్టి “నాకు భాషలు రావు” అనే పిల్లవాడికి నిజానికి రెండు మూడు భాషలు వచ్చే ఉంటాయి. వాడు వాటిని లెక్కలోకి తీసుకోవడం లేదు, అంతే.

మరో ముఖ్య విషయం గమనించండి. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ – ఈ నాలుగింటిలోనూ మామూలు వాక్యంలో కర్త ముందు, కర్మ మధ్యలో, క్రియ చివర వస్తాయి. ఇంగ్లీషులో క్రియ మధ్యలోకి వస్తుంది. జపనీస్‌లో మళ్ళీ చివరే వస్తుంది.

కృత్యం 1: మీ తరగతిలో ఒక్కొక్క విద్యార్థి ఇంట్లో, వీధిలో, బంధువులతో ఏయే భాషలు మాట్లాడతాడో అడిగి పట్టిక తయారుచేయండి. దాన్ని గోడకు అంటించండి.

7.3 వాక్య నిర్మాణం: తెలుగు, జపనీస్

కింది ఉదాహరణలను జాగ్రత్తగా చూడండి.

(అ) విభక్తి: “వతషి వ తిరుపతి ని ఇకిమసు” అంటే “నేను తిరుపతికి వెళ్తాను.” ఇక్కడ “ని” మన “కి” లాగా ఊరి పేరు తరవాత వచ్చింది. “హొన్ ఒ యొమిమసు” అంటే “పుస్తకాన్ని చదువుతాను.” ఇందులో “ఒ” మన “ని” చేసే పని చేస్తుంది. ఇంగ్లీషులో “టు” పేరుకు ముందు వస్తుంది.

(ఆ) ప్రశ్న: “ఇకిమసు” చివర “క” చేర్చి “ఇకిమసు క” అంటే “వెళ్తారా?” మనం “ఆ” చేర్చినట్లే. పదాల వరుస మార్చనక్కరలేదు, “డు”, “డస్” వంటి సహాయక క్రియ తేనక్కరలేదు.

(ఇ) క్త్వార్థకం: “గొహన్ ఒ తబెతె, గక్కో ని ఇకిమసు” అంటే “అన్నం తిని, బడికి వెళ్తాను.” “తబెతె” సరిగ్గా మన “తిని”. వండిన అన్నానికీ, భోజనానికీ జపనీస్‌లో “గొహన్” అనే ఒకే మాట ఉండడం కూడా మన పిల్లలకు వింతగా తోచదు.

(ఈ) విశేషణ వాక్యం: “కినో కత్త హొన్” అంటే “నిన్న కొన్న పుస్తకం.” పదానికి పదం సరిపోతుంది. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే “పుస్తకం” ముందుకు వచ్చి, “కొన్న” అనే భాగం దాని వెనక చేరుతుంది.

(ఉ) అనుకరణ: “తనక సన్ వ ఇకు తొ ఈమషిత” అంటే “తనక గారు వెళ్తానని అన్నారు.” ఇందులో “తొ” మన “అని”. “సన్” మన “గారు” లాగా పేరు తరవాత వస్తుంది. మన పేరుకు మనం “గారు” చేర్చుకోనట్లే, వాళ్ళూ తమ పేరుకు “సన్” చేర్చుకోరు.

ఈ అయిదింటినీ ఇంగ్లీషు ద్వారా వివరిస్తే ఏమవుతుంది? పిల్లవాడు తెలుగు వాక్యాన్ని మొదట ఇంగ్లీషు వరుసలోకి తిప్పాలి, తరవాత దాన్ని మళ్ళీ జపనీస్ వరుసలోకి తిప్పాలి. రెండో మలుపులో వాడు చేరేది దాదాపు బయలుదేరిన చోటికే. ఇంగ్లీషులో తడబడే విద్యార్థి ఇక్కడ జపనీస్ కష్టమై ఆగిపోడు, మధ్యలో పెట్టిన ఇంగ్లీషు దగ్గర ఆగిపోతాడు.

7.4 ధ్వనులు, లిపి

జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారుతుంది. “ఒబసన్” అంటే పిన్ని లేక అత్త, “ఒబాసన్” అంటే అవ్వ. ద్విత్వమూ అంతే: “కితె” అంటే వచ్చి, “కిత్తె” అంటే తపాలా బిళ్ళ. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఈ తేడాలు పట్టుబడడానికి చాలా సాధన కావాలి. “పడు–పాడు”, “గుడి–గుడ్డి” అని పలికే మన పిల్లలకు అవి చిన్నప్పుడే చెవికెక్కాయి. “చుక్క” అనేటప్పుడు పలికే దంత్య చకారం జపనీస్ “త్సు”కు దగ్గరగా ఉంటుంది.

హిరగన, కతకన అనే రెండు లిపులలో ఒక్కొక్కదానిలో 46 ప్రాథమిక అక్షరాలున్నాయి. వాటి వరుస: అ, ఇ, ఉ, ఎ, ఒ, తరవాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఇది మన వర్ణమాలను గుర్తుకు తేవడం యాదృచ్ఛికం కాదు. బౌద్ధంతోపాటు జపాన్ చేరిన సంస్కృత అక్షర విద్య ప్రభావంతో ఈ క్రమం ఏర్పడింది. మన అక్షరాల్లాగే వీటిలోనూ చాలా వాటికి హల్లు, అచ్చు కలిసే ఉంటాయి. అయితే “క”కు గుడి పెట్టి “కి” చేసే పద్ధతి అక్కడ లేదు. “క”కు ఒక ఆకారం, “కి”కి దానితో సంబంధం లేని మరొక ఆకారం. ఈ సంగతి మొదటి రోజే చెప్పండి.

7.5 పోలిక ఆగిపోయే చోట్లు

పోలికను అతిగా నమ్మిన ఉపాధ్యాయుడు పిల్లలను తప్పుదారి పట్టిస్తాడు. ఈ నాలుగు జాగ్రత్తలు పాటించండి.

1. తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అని క్రియ మారుతుంది. జపనీస్‌లో అందరికీ “ఇకిమసు” ఒక్కటే. కాబట్టి ఎవరు వెళ్తారో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.
2. “వ”, “గ” అనే ప్రత్యయాల తేడాకు తెలుగులో సరైన సాటి లేదు. దాన్ని సూత్రంగా కాక, ఉదాహరణల ద్వారా నేర్పాలి.
3. తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి రెండు మూడు వారాలకే పరిమితం చేయండి. “ఇకిమసు” అని రాసుకొన్నవాడు చివరి ఉకారాన్ని నిండుగా పలుకుతాడు. వాడుకలో అది దాదాపు వినబడదు. ల, ర అనే రెండు ధ్వనులు కూడా జపనీస్‌లో లేవు, ఉన్నది ఒక్కటే. లడ్డూను కతకనలో రాయాలంటే “ర” వరుస అక్షరంతోనే మొదలుపెట్టాలి.
4. కంజి అక్షరాలకు ఏ పోలికా సాయపడదు. జపాన్ ప్రభుత్వ నిత్యవ్యవహార జాబితాలోనే 2,136 కంజి అక్షరాలున్నాయి. వీటికి రోజువారీ సాధన ఒక్కటే మార్గం.

విదేశీ భాష మారితే తోడ్పడే భాష కూడా మారుతుంది. ఫ్రెంచిలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. అక్కడ తెలుగు కంటే హిందీ తరగతి అనుభవం పనికివస్తుంది. ఫ్రెంచి “త్యు”, “వు”ల తేడా చెప్పడానికి మాత్రం “నువ్వు”, “మీరు” చాలు. ఇంగ్లీషు “యూ”లో ఆ తేడా కనబడదు.

7.6 తరగతి గదిలో అమలు

వివరణకు తెలుగు వాడమన్నామంటే పీరియడంతా తెలుగులో మాట్లాడమని కాదు. కొత్త నిర్మాణాన్ని అయిదు నిమిషాల్లో తెలుగుతో పోల్చి చెప్పండి. మిగిలిన సమయమంతా పిల్లలు జపనీస్ వినాలి, మాట్లాడాలి.

ఇందుకు ఎన్.ఎస్. ప్రభు చూపిన దారి ఉపయోగపడుతుంది. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసిన ఆయన 1979–84 మధ్య దక్షిణ భారత పాఠశాలల్లో ఇంగ్లీషును కృత్యాల ద్వారా నేర్పే ప్రయోగం చేశారు. అది బెంగుళూరు ప్రాజెక్టుగా ప్రసిద్ధి పొందింది. పిల్లలు వ్యాకరణం మీద కాక, ఒక పని పూర్తిచేయడం మీద మనసు పెట్టినప్పుడు భాష దానంతట అది అబ్బుతుందని ఆయన ప్రతిపాదించారు. కృత్యాలను సమాచార అంతరం, తార్కిక అంతరం, అభిప్రాయ అంతరం అని మూడు రకాలుగా విభజించారు.

కృత్యం 2 (సమాచార అంతరం): తిరుపతి బస్టాండు నుంచి చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె, కాణిపాకం వెళ్ళే బస్సుల వేళలతో ఒక పట్టిక రాయండి. దానికి రెండు ప్రతులు చేసి, ఒకదానిలో కొన్ని వేళలు, రెండో దానిలో మిగిలినవి ఖాళీగా ఉంచండి. ఇద్దరిద్దరు విద్యార్థులు ఒకరి పట్టిక మరొకరికి చూపకుండా అడిగి పూరించాలి.
– చిత్తూరు యుకి నొ బసు వ నన్ జి దెసు క? (చిత్తూరు వెళ్ళే బస్సు ఎన్ని గంటలకు?)
– హచి జి దెసు. (ఎనిమిదింటికి.)

ఇంగ్లీషు తరగతిలో నోరు విప్పని పిల్లలను ఈ కృత్యంలో ప్రత్యేకంగా గమనించండి. ఇక్కడ అందరూ ఒకే గీత దగ్గర మొదలుపెడతారు.

7.7 మూల్యాంకనం

జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 వరకు అయిదు స్థాయిలున్నాయి. ఎన్5 అన్నిటికంటే సులభమైనది. ఈ పరీక్షలో మాట్లాడే విభాగం లేదు. అందుకే దాన్నే లక్ష్యంగా పెట్టుకొంటే పిల్లలు మార్కులు తెచ్చుకొని మౌనంగా మిగిలిపోయే ప్రమాదముంది. నెలకొకసారి ఒక్కొక్క విద్యార్థితో రెండు నిమిషాలు మాట్లాడి, ఆ ఫలితం నమోదుచేయండి.

7.8 సారాంశం

విదేశీ భాషకు దారి ఇంగ్లీషు గుండానే పోనక్కరలేదు. పిల్లలకు తెలిసిన భాషల్లో, నేర్చుకొనే భాషకు ఏది దగ్గరో దాన్ని ఆసరాగా తీసుకోవాలి, పోలిక ఆగిన చోట ఆ మాట స్పష్టంగా చెప్పాలి, త్వరగా ఆ ఆసరా తొలగించి కృత్యాల్లోకి దింపాలి. ఇంగ్లీషు ఎందుకూ పనికిరాదని దీని అర్థం కాదు, దాని స్థానం దానిదే. కాని మిమ్మల్ని అడిగిన పిల్లవాడికి మాత్రం “నీకు వచ్చిన తెలుగుతోనే మొదలుపెడదాం, రా” అని నమ్మకంగా చెప్పవచ్చు.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. “నిన్న కొన్న పుస్తకం” అనే పదబంధం ఆధారంగా తెలుగు, జపనీస్, ఇంగ్లీషు పదక్రమాలను పోల్చండి.
2. తెలుగు లిపిలో జపనీస్ రాసుకోవడం వల్ల కలిగే మేలు, కీడు తెలపండి.
3. మీ ఊరి సంత ఆధారంగా ఒక అభిప్రాయ అంతర కృత్యాన్ని తయారుచేయండి.
4. “ఇంగ్లీషు రానివారికి విదేశీ భాషలు రావు” – మీ తరగతి అనుభవంతో చర్చించండి.