బంగారు వేట మిగిల్చిన కాగితాలు

జంషెడ్‌పూర్ పక్కన పారే నది పేరు సువర్ణరేఖ. దీని ఇసుకను కడిగి బంగారు రజను ఏరడం ఈ ప్రాంతంలో తరతరాల వృత్తి. రోజంతా కడిగినా దొరికేది కొద్దిపాటి నలుసులే. కాని ఇసుకలోనే ఇది ఉంటే కొండల్లో ఇంకెంత ఉంటుందో అన్న ఆశ కలకత్తా వ్యాపారులకు కలిగింది. అప్పటికే కోలారు గనుల్లో బంగారం బాగా పడుతోంది. చిత్తూరు వైపు తెలుగు కూలీలు అక్కడికి వలస వెళ్ళారు కూడా. 1890 ప్రాంతంలో ఛోటానాగపూర్ బంగారం పేరుతో కలకత్తాలో కంపెనీలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. జనం ఎగబడి వాటాలు కొన్నారు. కొద్దికాలంలోనే చాలా కంపెనీలు మూతపడ్డాయి. డబ్బు పోయింది, కాగితాలు మిగిలాయి.

బంగారు వేట జరిగిన ఏ దేశంలోనైనా ఇలాంటి కాగితాలు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి వాటా పత్రం. రెండవది అస్సే రిపోర్టు, అంటే రాతిలో బంగారం ఎంత ఉందో తెలిపే పరీక్షా పత్రం. సేకరించేవారు నగిషీల అంచులున్న వాటా పత్రాలనే ముందు వెతుకుతారు. నిజానికి చదవవలసింది రెండవదే.

ఆ పరీక్ష ఎలా చేస్తారు? రాతిని పొడి చేసి, సీసపు ఆక్సైడు, సోడా, వెలిగారం కలిపి మూసలో కరిగిస్తారు. బంగారమూ వెండీ సీసంలో చేరి అడుగున ముద్ద కడతాయి. ఆ ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పుటం పెడితే, సీసం ఆక్సైడుగా మారి చాలావరకు బూడిదలోకి ఇంకిపోతుంది. మిగిలిన పూస నుంచి వెండిని నత్రికామ్లంతో తొలగించి, బంగారాన్ని తూస్తారు. ఫలితాన్ని టన్నుకు ఇన్ని ఔన్సులు, పెన్నీవెయిట్లు అని రాసేవారు. ఇక్కడ ఔన్సు అంటే 31.1 గ్రాములు, అందులో 20వ వంతు పెన్నీవెయిట్.

ఒక సంగతి గమనించండి. పరీక్షకుడు తన చేతికి వచ్చిన రాతికే పూచీ పడతాడు, గనికి కాదు. మెరిసే ముక్కను ఏరి పంపితే అంకె ఘనంగానే వస్తుంది. అందుకే నమూనా ఎవరు తీశారు, ఎక్కడ, ఎంత లోతున అన్నది పత్రంలో ముందు చూడాలి. వాటాలు కొన్నవారిలో ఎందరు ఇది అడిగి ఉంటారు?

ఇలాంటి పాత కాగితం మీ ఇంట్లో ఉంటే లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి.

పాఠ్యగత ప్రశ్న

ఒక రిపోర్టులో "టన్నుకు 10 పెన్నీవెయిట్లు" అని ఉంది. నమూనా తీసిన చోటు రాయలేదు.
1. టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం ఉన్నట్లు?
2. ఈ కాగితం చూసి మీరు వాటా కొంటారా? కారణం రెండు వాక్యాలలో రాయండి.