పాత సర్వరులో హద్దురాళ్ళు

రాయవేలూరులోగాని, గుడియాత్తములోగాని లుంగీల వ్యాపారము చేయు మనవారి ఆఫీసులో పాత సర్వరు ఒకటి ఉన్నదనుకొందాము. ఒకే డిస్కును రెండుగా విభజించినారు. 'సి' భాగము నిండిపోయినది. పక్కనున్న 'డి' సగము ఖాళీ. హద్దును కొంచెము అటు జరిపిన చాలునని తోచును.

హద్దులు మారుట మన ప్రాంతమువారు ఎరిగినదే. 1911లో ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు విడిపోయి చిత్తూరు జిల్లాలో చేరినవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో కలిసినది. గీతలు మారినవేగాని ఊళ్ళు కదలలేదు. డిస్కులో అట్లు కాదు. 'డి' మొదటి హద్దు జరిగినచో లోపలి ఫైళ్ళు నిజముగా చోటు మారవలెను.

విండోసులో 'సి' పెరుగవలెనన్న దానిని ఆనుకొనియే ఖాళీ ఉండవలెను. 'డి'ని తగ్గించిన, ఆ ఖాళీ 'డి' చివర మిగులునేగాని 'సి'కి అందదు. కనుక ముందుగా సర్వరులోని వన్నియు వేరొక డిస్కుకు నకలు తీయవలెను. ఆ నకలు తెరచి చూడవలెను. పిమ్మటనే 'డి'ని తొలగించి, 'సి'ని పెంచి, మిగిలినచోట 'డి'ని మరల ఏర్పరచి, ఫైళ్ళను తిరిగి చేర్చవలెను. నడుమ కరెంటు పోయిన ముప్పు. యూపీయస్ బ్యాటరీని ముందే పరీక్షించుట మేలు.

ఎన్నో ఏండ్ల ఖాతాలు, బాకీలు ఆ పెట్టెలోనే ఉండును గదా! నకలు చేతికి రానిదే హద్దురాయి ముట్టవద్దని మా మనవి.