లింగమయ్య లోయలో మూడు రోజులు

నల్లమల అడవిలో ఏడాదికోసారి తెరుచుకునే దారి అది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్యను చూడ్డానికి జనం వేలల్లో వస్తారు. రాళ్లబాటలో వాళ్లకు గుక్కెడు మంచినీళ్లు అందించడానికి కొందరు వెళ్తారు. ఆ కొందరితో కలిసి మూడు రోజులు గడిపితే...

మనిషి కనిపించడు. కేక మాత్రం వినిపిస్తుంది.

‘వస్తున్నాం... వస్తున్నాం లింగమయ్యో!’

అది దిగేవాళ్ల కేక. లోయలోకి వెళ్లి, ఎదుటి కొండకు తగిలి, మళ్లీ మనదాకా వస్తుంది. అంతలో కిందినుంచి ఇంకో కేక... ‘పోయొస్తం లింగమయ్యో!’ అది దర్శనం చేసుకుని ఎక్కేవాళ్లది. ఆ రెండు కేకల మధ్య, కొండవాలులో ఓ మద్దిచెట్టు కింద, రెండు నీళ్ల డ్రమ్ములు పెట్టుకుని నిలబడ్డాం మేము. టైం తెల్లవారుజామున నాలుగున్నర. ఆకాశంలో నిండు చందమామ. అప్పటికే మా ముందునుంచి కొన్ని వందలమంది వెళ్లిపోయారు.

సలేశ్వరం ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016లో జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూల్‌లోకి వచ్చింది. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిబొడ్డున ఉందీ లోయ. ఏడాదిలో మిగతా రోజులన్నీ అది పులులదీ, ఎలుగుబంట్లదీ, చెంచులదీ. చైత్ర పౌర్ణమి చుట్టూ ఉన్న కొద్దిరోజులే మనది. అందుకే దీన్ని ‘తెలంగాణ అమర్‌నాథ్’ అంటుంటారు. అక్కడ మంచు, ఇక్కడ మండుటెండ. అంతే తేడా!

గేటు దగ్గరే మొదటి పాఠం

మేం మొత్తం పద్నాలుగుమందిమి. అచ్చంపేట కుర్రాళ్లు ఆరుగురు, దేవరకొండ నుంచి ఇద్దరు టీచర్లు, మిగతావాళ్లం హైదరాబాద్‌వాళ్లం. ఏటా వెళ్లి నీళ్లూ పులిహోరా పంచే బృందమది. ఈసారి నన్నూ రమ్మన్నారు. ‘మూడు రోజులు ఫోను పనిచెయ్యదు, స్నానం ఉండదు, నేలమీదే పడక. ఇష్టమైతే రా’ అన్నారు. ఇంట్లో నవ్వారు. ‘నువ్వు మన అపార్ట్‌మెంటు మెట్లెక్కడానికే ఆయాసపడతావు కదా!’

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో దాదాపు 140 కిలోమీటర్లు వెళ్తే మన్ననూరు. అటవీశాఖ చెక్‌పోస్టు అక్కడే. రాత్రిళ్లు ఈ గేటు మూసేస్తారు... జంతువులు రోడ్డు దాటే వేళలు కదా మరి. సిబ్బంది మా వ్యాను మొత్తం వెతికారు. ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్‌కు అడవిలో ప్రవేశం లేదు. చిన్న నీళ్లబాటిళ్ల కేసు ఒకటి కిందికి దిగిపోయింది. కాగితం గ్లాసుల కట్టలు మాత్రం వదిలారు. ‘హమ్మయ్య’ అనుకున్నాం. ఆ హమ్మయ్య ఎంత ఖరీదైందో మూడోరోజుగానీ తెలియలేదు.

మన్ననూరు దాటాక వస్తుంది ఫరహాబాద్. వేటకోసం, చల్లదనం కోసం నిజాం కాలంలో విడిది కట్టుకున్న చోటు. శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కణ్నుంచి తారురోడ్డు వదిలేసి అడవిలోకి మళ్లాలి. ఏప్రిల్ కదా... టేకు ఆకంతా రాలిపోయింది. వెదురు పొదలు ఎండి గోధుమరంగులో ఉన్నాయి. ఎక్కడ చూసినా అడుగుమందాన ఎండుటాకు. ఒక్క బీడీముక్క చాలు, కొండ మొత్తం అంటుకోవడానికి. జాతర రోజుల్లో అటవీ సిబ్బందికి కంటిమీద కునుకుండదంటే ఎందుకుంటుంది?

రాంపూర్ పెంట దగ్గర బండ్లు ఆగిపోతాయి. పెంట అంటే చెంచుల గూడెం. అటవీ సిబ్బంది చూపించిన ఖాళీ జాగాలో టార్పాలిన్ కట్టుకుని, గ్యాస్‌పొయ్యి పెట్టుకున్నాం. అదే మా క్యాంపు. కరెంటు లేదు. ట్యాంకర్ నీళ్లే దిక్కు. మొదటిరాత్రి నడుం వాల్చగానే ఆకుల్లో ఏదో నడిచిన చప్పుడు. ఊపిరి బిగబట్టి పక్కవాణ్ని లేపాను. వాడు టార్చివేసి చూసి, ‘కుక్క’ అని మళ్లీ పడుకున్నాడు!

కావడి నేర్పిన కుర్రాడు

పెంట నుంచి లింగమయ్య దగ్గరికి నాలుగైదు కిలోమీటర్లు. మొదట కొంతదూరం చదునుగానే ఉంటుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు దిగుడు. మెట్లంటూ లేవు. రాళ్లూ, వేళ్లూ పట్టుకుని దిగడమే. మా నీళ్లపందిరి సగం దారిలో. అక్కడిదాకా నీళ్లు ఎవరు మొయ్యాలి? మేమే!

ఇరవైలీటర్ల క్యాను భుజానికెత్తుకుని వంద అడుగులు వేశానో లేదో, కాళ్లు వణికాయి. వెనకనుంచి వస్తున్న చెంచు కుర్రాడొకడు కాసేపు చూసి నవ్వాడు. ‘అన్నా, బుజం మీద గాదే... కావడి గట్టుకో’ అంటూ తన చేతిలోని వెదురుకర్రకు రెండు చివర్లా రెండు క్యాన్లు తగిలించాడు. భుజానికెత్తుకుని చెప్పుల్లేని కాళ్లతో చరచరా దిగిపోయాడు. రెండు క్యాన్లంటే 40 కిలోలు. నేను ఖాళీచేతులతో దిగడానికి వాడికన్నా రెట్టింపు టైం పట్టింది.

ఎండ ముదిరేకొద్దీ జనం పెరిగారు. చంకన పిల్లలతో తల్లులు, తలమీద మూటలతో తండాలనుంచి వచ్చిన లంబాడా ఆడవాళ్లు, నల్గొండ వైపునుంచి కాలేజీ పిల్లలు. పుణెలో భవనాల పనికి వలసవెళ్లిన ఓ పాలమూరు కుటుంబం, జాతర కోసమే రెండ్రోజులు ప్రయాణంచేసి వచ్చింది. ‘యాడున్నా ఈ పున్నానికి ఈడికి రావాల్సిందే సారూ’ అన్నాడా ఇంటిపెద్ద.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఓ అవ్వ మా పందిరి దగ్గరే కూలబడింది. డెబ్భై దాటి ఉంటాయి. ఒళ్లు కాలిపోతోంది, చెమట పట్టడంలేదు. మాలో ఒకరు నర్సింగ్ చదివినమ్మాయి. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించింది. అరగంటకు అవ్వ కళ్లు తెరిచి లేవబోయింది.

‘ఇంకా దిగొద్దవ్వా. మళ్లీ ఎక్కాలి కదా, నీవల్ల కాదు’ అన్నాం.

‘లింగమయ్యను సూడకుండ తిరిగి పోతనా బిడ్డా?’

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. 2023లో ఇదే జాతర రద్దీలో యాత్రికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సంగతి చెప్పి భయపెట్టాలా, చెప్పకుండా పంపాలా? చివరికి ఆమె మనవడే దారి చూపించాడు. ‘నేను పోయి దేవుని నీళ్లు తెస్తనే. నువ్వీడనే ఉండు’ అని స్టీలు చెంబు పట్టుకుని పరుగెత్తాడు. రెండు గంటల తర్వాత చెంబుతో తిరిగొచ్చాడు. అవ్వ ఆ నీళ్లు తలమీద చల్లుకుని, మిగిలినవి కళ్లకద్దుకుని, లోయవైపు తిరిగి చేతులు జోడించింది. సాయంత్రం చల్లబడ్డాక దుప్పటిని డోలీలా కట్టి నలుగురం మోసుకుంటూ పెంటకు చేర్చాం. దారంతా మమ్మల్ని ‘మెల్లగ నడువున్రి, పడేసేరు’ అని తిడుతూనే ఉంది!

అల్లుడి ఇంటికి కాపలా

రెండోరోజు మా డ్యూటీ మారింది. కాస్త తీరిక దొరికింది. నేనూ లోయలోకి దిగాను. చివరికొచ్చేసరికి బాట సన్నబడిపోతుంది. ఒకవైపు నిట్టనిలువు కొండ, ఇంకోవైపు లోయ. ఒకరివెనక ఒకరు నడవాల్సిందే. హఠాత్తుగా చల్లగాలి. తలెత్తి చూస్తే, పైన కొండ అంచునుంచి నేరుగా కింది గుండంలోకి దూకుతున్న నీటిధార. చుట్టూ అడవంతా ఎండిపోయిన ఏప్రిల్‌లో కూడా ఆ ధార ఆగదు. పక్కనే కొండలో గుహ, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. మంత్రాల హడావుడి లేదు. తలమీద చెయ్యిపెట్టి, నుదుట విభూతి రాసి పంపిస్తారు.

శ్రీశైలం మల్లన్న చెంచులకు అల్లుడు. తమ ఆడపిల్లను పెళ్లాడాడని వాళ్ల నమ్మకం. అందుకే నల్లమలలో శివుడెక్కడున్నా వాళ్లకు చుట్టమే. గడ్డలు తవ్వుకుని, కొండతేనె తీసుకుని, జిగురూ మొర్రిపండ్లూ ఏరుకుని బతికిన జాతి. 1940లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ అమ్రాబాద్ గుట్టల్లోనే వాళ్లమధ్య ఉండి అధ్యయనం చేశాడు. 1943లో చెంచులమీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది. తేనె తీసేటప్పుడు తుట్టెనంతా దులిపెయ్యరట, ఈగలకు కొంత వదిలిపెడతారట. మా కావడి కుర్రాడు చెప్పాడు. ‘అంతా దీస్కుంటే మల్లేడాదికేముంటది?’

ఆ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

మూడోరోజు ఏం మిగిలింది?

చివరిరోజు సాయంత్రానికి జనం పలచబడ్డారు. కేకలు ఆగిపోయాయి. అప్పుడు కనిపించింది అసలు దృశ్యం. బాటకు రెండువైపులా గుట్కా పొట్లాలు, బిస్కెట్ కవర్లు, కొబ్బరిచిప్పలు, తెగిన చెప్పులు, ఎలాగో గేటు దాటొచ్చిన నీళ్లసీసాలు. గోనెసంచులు తీసుకుని ఏరడం మొదలుపెట్టాం. ‘జనానికి బుద్ధిలేదు’ అని గొణుక్కుంటూనే ఏరుతున్నాం. మా మద్దిచెట్టు దగ్గరికి వచ్చేసరికి గొణుగుడు ఆగిపోయింది.

అక్కడున్నవన్నీ మావే! తెల్లతెల్లగా, వాలంతా పరుచుకుని, మేం పంచిన కాగితం గ్లాసులు. కాగితమే కదా అనుకుంటాం. నీళ్లకు నానకుండా వాటి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మట్టిలో కలవదు. పక్కనే మా పులిహోర అంటిన విస్తరాకులు. వాటి వాసనకు అడవిపందులూ కొండముచ్చులూ వచ్చి, ఆకుతోపాటు కవర్లనూ మింగుతాయి. పుణ్యం కోసం వచ్చినవాళ్లం... అందరికన్నా పెద్ద చెత్తకుప్ప మాదే.

నాలుగు సంచులు నిండాయి. ఎవరూ మాట్లాడలేదు. పెంటలోని ఓ పెద్దాయన మా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. ‘మీరు పోయినంక కొన్నొద్దులకు దుప్పులొస్తయి ఈ తొవ్వకు’ అన్నాడు. కోపం లేదా మాటలో. విషయం చెప్పాడంతే. మాకు మాత్రం తగలాల్సిన చోటే తగిలింది.

ఏటా వెళ్లడం మానేస్తే సరిపోతుందా? అవ్వ గుర్తొచ్చింది. ఆ దారిలో నీళ్లపందిరి లేకపోతే ఆమె గతేమిటి? జనం రావడం ఆగదు. దాహమూ ఆగదు.

జవాబు నిజానికి అంతకుముందే మా కళ్లముందుకు వచ్చి వెళ్లింది. ఆ మధ్యాహ్నం మూడింటికి గ్లాసులు అయిపోయాయి. కంగారుపడ్డాం. మాలోని టీచరొకాయన చెంబు అందుకుని, ‘దోసిలి పట్టు తమ్ముడూ’ అన్నాడు. అంతే. పూర్వం ఊళ్లలో చలివేంద్రాల దగ్గర పోసినట్టే, వంగి దోసిలిపట్టినవాళ్లకు ధారగా పోశాం. ఒక్కరూ ఏమీ అనలేదు. కడుపునిండా తాగి, మిగిలిన తడి ముఖానికి రాసుకుని వెళ్లారు. నీళ్లు కూడా తక్కువే ఖర్చయ్యాయి. గ్లాసుతో ఇస్తే సగం తాగి పారబోసినవాళ్లే ఎక్కువ మరి!

వచ్చే ఏడాదికి తీర్మానం అక్కడే అయిపోయింది. గ్లాసులొద్దు. చెంబులూ దోసిళ్లే. పులిహోర వంటకూడా లోపల మానేసి, పెంట దగ్గర కూర్చోబెట్టి పెట్టాలి, ఆకులన్నీ తిరిగి మూటకట్టుకుని తెచ్చుకోవాలి. ఎంతమంది సేవకులు నీళ్లు పోస్తే అంతమంది చెత్త ఏరాలి, అదీ చివరిరోజున కాదు, ప్రతిపూటా.

సంచులు వ్యానుకెక్కించి బయల్దేరేముందు, అలవాటు ప్రకారం అందరం లోయవైపు తిరిగి ఒక్కసారి అరిచాం.

‘పోయొస్తం లింగమయ్యో!’

ఎదుటి కొండ మా కేకను మాకే తిరిగిచ్చింది. మేమిచ్చిన గ్లాసుల్లాగే!

వెళ్లాలనుకుంటే...

* జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. ఎన్నిరోజులు, ఏ వేళల్లో అడవిలోకి వదలాలన్నది అటవీశాఖ ఏ ఏటికాయేడు ప్రకటిస్తుంది. మిగతా రోజుల్లో అనుమతి ఉండదు.

* హైదరాబాద్-శ్రీశైలం రహదారిలో మన్ననూరు, ఫరహాబాద్ మీదుగా రాంపూర్ పెంట చేరాలి. జాతరప్పుడు అచ్చంపేట నుంచి ప్రత్యేక బస్సులు నడుస్తాయి. లింగాల వైపునుంచి కాలినడకన వచ్చేవాళ్లూ ఉన్నారు.

* గుండెజబ్బు, ఆయాసం, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దిగకపోవడమే మంచిది. దిగడంకన్నా ఎక్కడం కష్టం. తెల్లవారుజామునే నడక మొదలుపెడితే ఎండ తప్పుతుంది.

* స్టీలు సీసాలో నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చి, పట్టున్న చెప్పులు తప్పనిసరి. అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్ వద్దేవద్దు. వాడేసిన పొట్లాలు మీ సంచీలోనే ఇంటికి తెచ్చుకోండి.

* సేవకు వెళ్లాలనుకునే బృందాలు ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. దారి సంగతి చెంచులను అడగండి. ఆ అడవి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.